గురువారం ప్యాకెట్టు

ఇప్పుడు నడుస్తున్నాను. చేతిలో కర్ర ఉంటుంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లంతా తడిసిన దుప్పటిలా బరువెక్కుతుంది. అయినా నా కాళ్ల మీద నేను లైబ్రరీకి వెళ్లి వస్తున్నాను.

ఇది రాయడానికి కారణం ఉంది. పోయిన నెల మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు వీధుల అవతల ఉండే ఒకమ్మాయికి నాకున్న జబ్బే ఉందని చెప్పారట. వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. "మీ గుంటకి ఏ మందుకి తగ్గిందమ్మా? పేరు సెప్పు, గోల్ బజార్లో కొనుక్కుంటాం" అని మా అమ్మని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. కొత్తవాళ్ల ముందు నాకు మాట పెగలదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఆవిడ వెళ్లిపోయాక నా డైరీలు తీసి ముందేసుకున్నాను. చెప్పలేనిది రాయగలను.

1993, వానలు మొదలైనప్పుడు

మా క్వార్టర్ వెనక పెరడు, పెరటి గోడ అవతల రైలు లైన్లు. గోడ మీంచి చూస్తే ఒక సిగ్నల్ కనబడుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సిగ్నల్. ఆ జూలైలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తే దాని ఎరుపు వెలిసిపోయి ఉంది. కుడి కన్ను మూసి చూస్తే పాత ఇటుక రంగు. ఎడమ కన్ను మూసి చూస్తే మామూలు ఎరుపు. కన్ను పక్కకి తిప్పితే లోపల్నించి ఎవరో దారం పట్టి లాగినట్టు నొప్పి.

నాన్న గూడ్సు డ్రైవరు. ఫైర్‌మన్‌గా చేరి, ఆవిరి ఇంజన్లలో పారతో బొగ్గు వేసి వేసి డ్రైవరైన మనిషి. రంగు సంగతి చెప్పగానే, డ్యూటీకి తీసుకెళ్లే ఇనప పెట్టె తెరిచి ఎర్రజెండా తీశాడు. నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, పెరటి అవతలి చివరికి వెళ్లి ఎత్తి పట్టుకున్నాడు.

"కుడి కన్ను ముయ్యి. ఏ రంగే ఇది?"

"ఎరుపే నాన్నా. ఉతికి ఉతికి ఎండేసినట్టుంది."

జెండా కిందికి దిగిపోయింది. రంగులు సరిగా కనబడని డ్రైవర్ని ఇంజన్ మీంచి దింపేస్తారు. నాన్న ఎరిగిన భయాల్లో అదే పెద్దది. అది ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మనిషిని పొరబడి నన్ను పట్టుకుందని ఆయనకి అనిపించి ఉంటుంది. జెండా మడతపెట్టడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది ఆయనకి.

రెండు నెలల్లో కన్ను చాలావరకు కుదుటపడింది. అమ్మా నాన్నా మర్చిపోయారు. నా డైరీ మర్చిపోలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ప్రైవేటుగా బి.ఏ. కట్టి పాసై, రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే తాత్కాలికపు పనిలో ఉన్నాను. అక్కడ గోడ పొడుగునా హిందీ బీరువాలు, మూలన ఒకే ఒక్కటి తెలుగుది. దాని తాళం చెవి నా దగ్గర ఉండేది. మా కాలనీలో నా ఈడువాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, చదవమంటే అక్షరాలు కూడబలుక్కుంటారు. ఆ బీరువాకి నేను తప్ప ఎవరూ లేరు. నాకూ ఇంటి బయట అది తప్ప ఇంకేమీ లేదు. జబ్బు ఏమేమి తీసుకుపోయినా ఆ తాళం చెవి మాత్రం ఇవ్వకూడదనుకున్నాను. ఈ మూడేళ్ల గొడవంతా దాని కోసమే.

1994, చలికాలం

మొదట అరికాళ్లకి దూది అంటించినట్టయింది. తర్వాత మోకాళ్ల దాకా. ఒక సాయంత్రం ఐదు పుస్తకాలు చేత్తో పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద పడిపోయాను. పుస్తకాలు వదల్లేదు గనక చేతులు అడ్డుపెట్టుకోలేకపోయాను. గడ్డం చీలింది.

రైల్వే ఆసుపత్రి నుంచి నాగ్‌పూర్ పంపారు. పాస్ మీద వెళ్లాం. నాన్న దారంతా కిటికీలోంచి సిగ్నళ్లు చూస్తూ కూర్చున్నాడు, నా వైపు చూడకుండా. అక్కడ నన్ను ఒక సొరంగంలాంటి యంత్రంలోకి తోశారు. తర్వాత రెండు రోజులు వరండాలో బెంచీ మీద. మూడో రోజు ఒక కాగితం మీద జబ్బు పేరు రాసిచ్చారు. మల్టిపుల్ స్క్లెరోసిస్.

అదేమిటో విడమరిచి చెప్పింది మాత్రం బిలాస్‌పూర్ తిరిగొచ్చాక మా డాక్టరుగారే. వయసు మళ్లిన బెంగాలీ ఆయన, నింపాదిగా హిందీ మాట్లాడేవారు.

"బేటీ, ఒంట్లో కాపలావాళ్లు ఉంటారు. బయటి రోగాలతో కొట్లాడటం వాళ్ల పని. నీ కాపలావాళ్లు దారి తప్పి, నీ నరాల మీది తొడుగునే కొరుకుతున్నారు. అందుకే ఒకసారి కన్ను, ఒకసారి కాలు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది."

"సిగ్నల్ కేబుల్ మీద రబ్బరు పోయినట్టా సాబ్?" అన్నాడు నాన్న.

"బిల్కుల్ అదే."

నాన్న మొహం వెలిగింది. "అయితే కొత్త కేబుల్ వేసేస్తారు కదా!"

"ఇది మార్చే కేబుల్ కాదు డ్రైవర్ సాబ్" అన్నారు డాక్టరుగారు.

స్టెరాయిడ్లు ఇచ్చారు. కాళ్లు తిరిగొచ్చాయి, మొహం పూరీలా పొంగింది. ఆ మందు ఎముకల్ని గుల్ల చేస్తుందని కాల్షియం బిళ్లలు, దానికి తోడు విటమిన్ డి పొడి ప్యాకెట్లు రాశారు. వారానికి ఒక్క ప్యాకెట్టు, పాలల్లో కలిపి. రాస్తూ రాస్తూ డాక్టరుగారు ఇంకో మాట అన్నారు. ఎండ తక్కువున్న దేశాల్లో ఈ జబ్బు ఎక్కువంటారట. ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యేది ఈ విటమినే కాబట్టి, దారి తప్పిన కాపలావాళ్లని ఇది కాస్త అదుపులో పెడుతుందేమోనని కొందరి ఊహ అట.

"ఊహే సుమా. ఏమీ తేలలేదు. నేను రాసింది ఎముకల కోసం" అన్నారాయన.

నాన్న చెవిలో మొదటి సగమే పడింది. అమ్మ చెవిలో ఎండ ఒక్కటే పడింది. ఇంటికొచ్చి పీట మీద కూర్చుని కళ్లొత్తుకుంది. "నల్లబడిపోద్దని నీడపట్టున పెంచినాను. గొడుగు నేకుండా గడప దాటనివ్వనేదు. నానే సేసినాను ఇదంతా." కాదని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

మా ఇంట్లో వారమంటే ఆదివారం నుంచి ఆదివారం కాదు. నాన్నకి రెస్టు దొరికిన రోజు నుంచి మళ్లీ రెస్టు దొరికేదాకా వారం. తలంటు ఆ రోజే, చేపల కూర ఆ రోజే. అమ్మ నా ప్యాకెట్టు కూడా ఆ రోజుకే ముడిపెట్టింది. ఒక్కోసారి ఆరు రోజులకి వచ్చేది, ఒక్కోసారి తొమ్మిదికి. కొంపలు మునిగిపోలేదు. మునిగింది తర్వాత.

1995, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా

ఏప్రిల్లో అమ్మ పెరట్లో నులక మంచం వేసి నన్ను ఎండలో కూర్చోబెట్టింది. పాతికేళ్ల నీడని పదిహేను రోజుల్లో తీర్చేయాలని ఆవిడ ఆత్రం. పదకొండు గంటల ఎండ. మూడో రోజున గోడ కనిపించడం మానేసింది, లేవబోతే కాళ్లు నావి కావు. అమ్మ కేకలకి పక్క క్వార్టర్ వాళ్లు వచ్చి లోపలికి మోసుకుపోయారు. నీడలో, తడి తువ్వాలు కింద గంటకి అన్నీ తిరిగొచ్చాయి. ఒళ్లు వేడెక్కితే ఈ జబ్బు ఇలా ఆడిస్తుందనీ, ఎండ కావాలంటే పొద్దున్నే చల్లటి ఎండ చాలనీ డాక్టరుగారు చెప్పారు. అమ్మ ఇంక ఎండ మాటెత్తలేదు.

నాన్న మాత్రం ప్యాకెట్టు వైపు తిరిగాడు. ఎండ పనికిరాకపోతే ఎండని పొడి చేసి ప్యాకెట్లో పెట్టారు కదా అని ఆయన లెక్క.

జూన్‌లో వానకి తడిసిన ఇంజన్ మెట్టు మీంచి జారి నాన్న మణికట్టు విరిగింది. సిక్కులో పెట్టి, జబ్బు సెలవిచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. ఇనప పెట్టె గుమ్మం పక్కనే ఉండిపోయింది. రోజూ రెస్టే. ఎప్పుడూ ఇంట్లో అన్ని రోజులు వరసగా ఉండని మనిషి, రోజంతా నేను గోడలు పట్టుకుని నడవడం చూశాడు. ఒక పొద్దున ఎడమ చేత్తో పాల గ్లాసు తెచ్చాడు.

"ఇయ్యాల నుంచి నీ మందు నాను సూసుకుంటాను."

"నిన్ననేగా తాగాను నాన్నా."

"నిప్పు తగ్గిపోతంటే వారానికో పార బొగ్గేసి ఊరుకుంటారేటి? ఘాట్ ఎక్కాలంటే ఏస్తానే ఉండాలి. తాగు."

గోల్ బజార్లో ఏదో దుకాణంలో చీటీ చూపకుండానే ప్యాకెట్లు కొనుక్కొచ్చేవాడు. అమ్మకి తెలీదు, ఆవిడ వారానికొకటే అనుకుంటోంది. నాకు తెలుసు. తాగిన ప్రతిసారీ డైరీలో రాసుకున్నాను కూడా. మరి ఎందుకు ఊరుకున్నానంటే, నాకూ ఆశే. కాళ్లు మళ్లీ తడబడుతున్నాయని అమ్మ పట్టుబడితే తాళం చెవి లైబ్రరీలో అప్పగించి వచ్చి నెల దాటింది. "పూర్తిగా బాగయినాక ఎల్దువులే" అని అమ్మ తిప్పేసింది. ఆ 'పూర్తిగా' ఈ గ్లాసు అడుగునుందేమో అనుకున్నాను. దీన్ని చదివేవాళ్లు నాన్నని తిట్టుకునే ముందు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

జూలై చివరికి దాహం మొదలైంది. బిందె పక్కన పడుకునేదాన్ని. తిన్నది నిలిచేది కాదు. పొట్ట బిగుసుకుపోయింది. చదివిన వాక్యమే మళ్లీ చదివేదాన్ని, అర్థం అయ్యేది కాదు. అన్నిటికంటే అది భయపెట్టింది. ఇది కొత్త ఎటాక్ అనుకున్నాం ముగ్గురమూ. నాన్న తనలో తనే మోతాదు ఇంకా పెంచాలేమో అనుకోవడం విన్నాను.

ఆగస్టులో ఆసుపత్రికి వెళ్లాం. నాన్న చీటీ రాయించడానికి వెళ్తే నేను బెంచీ మీద తల గోడకి ఆనించి కూర్చున్నాను. పక్కన బిల్హా నుంచి లోకల్ బండిలో వచ్చిన ఒక ముసలమ్మ. గ్యాంగ్‌మన్ తల్లినని చెప్పింది. నాకు వాంతి వచ్చింది. లేచి వెళ్లలేక కొంగులో ఆపుకుంటుంటే ఆవిడ తన ఇత్తడి చెంబు నా నోటి కింద పెట్టింది. తాగే నీళ్ల చెంబు. నేను ఏడ్చేశాను, వాంతికి కాదు, సిగ్గుకి.

"కాబర్ లజావత్ హస్, నోనీ?" అంది. ఎందుకు సిగ్గుపడుతున్నావు పిల్లా అని. "ఒంటి మాట దాస్తే ఒళ్లే పోతుంది" అని కూడా అంది, ఆవిడ ఛత్తీస్‌గఢీలో. చెంబు పట్టుకెళ్లి పంపు దగ్గర కడిగి తెచ్చుకుంది, పెద్ద పనేమీ చేయనట్టు.

లోపల డాక్టరుగారు అడిగారు. "ప్యాకెట్టు ఎలా తీసుకుంటున్నావు?"

నాకంటే ముందు నాన్న అన్నాడు. "వారానికొకటి సాబ్. మీరు చెప్పినట్టే." అని కిటికీలోంచి బయటికి చూశాడు.

డాక్టరుగారు కలం తీశారు. మళ్లీ ఎటాక్ లాగే ఉంది, చేర్చుకుని స్టెరాయిడ్ ఇద్దామన్నారు. నేను నోరు మూసుకుంటే నాన్న మాట దక్కుతుంది. కోర్సు అయ్యాక ఇంటికి వెళ్తాను. మర్నాడు పొద్దున్నే పాల గ్లాసు వస్తుంది.

సంచీలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టాను. జూన్ పేజీ తెరిచాను.

"నాకు తెలుగు రాదు బేటీ. చదువు."

పుట్టాక ఎప్పుడూ బయటివాళ్ల ముందు గట్టిగా చదవలేదు నేను. హిందీలో చదివాను. జూన్ పద్దెనిమిది, పాలల్లో ప్యాకెట్టు. జూన్ పంతొమ్మిది, పాలల్లో ప్యాకెట్టు. జూన్ ఇరవై, పాలల్లో ప్యాకెట్టు. పేజీ తిప్పాను. జూలై ఒకటి.

"సాలమ్మా" అన్నాడు నాన్న తెలుగులో, మెల్లగా. "ఇంక సదవకు."

ఆపలేదు. ఆగస్టు దాకా, ఆ రోజు పొద్దుటి గ్లాసు దాకా చదివాను.

డాక్టరుగారు కేకలెయ్యలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రక్తంలో కాల్షియం చూడమని చీటీ రాశారు. సాయంత్రానికి ఫలితం వచ్చింది, కాల్షియం హద్దు దాటి ఉంది. ఇది జబ్బు కాదు, మందు. ఈ విటమిన్ ఒంట్లోంచి తొందరగా పోదట, పేరుకుంటుందట. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే మూత్రపిండాలు పోయేవన్నారు.

1995, సెప్టెంబరు నుంచి చలికాలం దాకా

వార్డులో మూడు వారాలు. సీసా తర్వాత సీసా సెలైన్. ప్యాకెట్లు, కాల్షియం బిళ్లలు అన్నీ బంద్. అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. ఇద్దరూ వేర్వేరు వేళల్లో వచ్చేవాళ్లు. అమ్మ గంజి తెచ్చేది, నాన్న ఉత్త చేతుల్తో వచ్చి మంచం చివర కూర్చునేవాడు. నాకు ఏదైనా అందించడానికి కూడా భయపడేవాడు. మంచినీళ్లు అడిగితే ఆయాని పిలిచాడొకసారి.

ఒక మధ్యాహ్నం తలొంచుకుని అన్నాడు. "నాకు బొగ్గెయ్యడమే తెలుసే. ఆపడం నేర్పనేదు ఎవులూ."

కోపం లేదని చెబితే అబద్ధం. ఉంది. ఆయన చేసినదానికంటే, డాక్టరు ముందు కిటికీలోంచి చూసినందుకు.

"నాన్నా, గార్డు పచ్చజెండా చూపకుండా బండి తీస్తావా?"

"తీత్తే ఉజ్జోగం ఊడుద్ది."

"బండి నడిపేది నువ్వే కదా. మరి ఆయన్ని ఎందుకడగాలి?"

"నడిపేది నానే గాని, బండికి పెద్ద గార్డే గదా!" అని, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఈ బండికి గార్డుని నేను" అన్నాను. "ఇంకెప్పుడూ నన్నడక్కుండా తియ్యకు."

నర్సు సెలైన్ సీసా మార్చడానికి వస్తే ఆయన లేచి చోటిచ్చాడు. తర్వాత "అచ్ఛా" అన్నాడు.

నవంబరుకి ఇంట్లో ఉన్నాను. కాల్షియం మామూలుకొచ్చింది, వాక్యాలు మళ్లీ అర్థమవుతున్నాయి. ఎడమ కాలు మాత్రం ఈడవడం మానలేదు. అమ్మ మళ్లీ అదే పాట. పూర్తిగా బాగయినాక.

"ఇది పూర్తిగా బాగయ్యే జబ్బు కాదమ్మా. దాని కోసం ఆగితే ఆగిపోవడమే. సోమవారం నుంచి లైబ్రరీకి వెళ్తాను."

"కుంటుకుంటా ఎల్తావేటి? అందరూ సూత్తారు!"

"చూడనీ."

నా నోట్లోంచి ఆ మాట వస్తుందని నాకే తెలీదు. కర్ర పట్టుకుని, గొడుగు లేకుండా, తొమ్మిది గంటల చల్లటి ఎండలో బయల్దేరాను. ఇరవై నాలుగేళ్లు తలొంచుకుని నడిచిన వీధి. మూడో క్వార్టర్ దగ్గర బియ్యం చెరుగుతున్న పిన్నిగారు చేట ఆపింది.

"ఒలమ్మ, ఈ వయసులో కర్రేటే? సూసినోలు ఏటనుకుంటారు?"

"కర్ర అనుకుంటారు పిన్నీ" అన్నాను.

ఆ సాయంత్రం డైరీ నిండా ఆ ఒక్క జవాబే రాసుకున్నాను.

లైబ్రరీ చూసే పెద్దాయన నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. సొరుగులోంచి తాళం చెవి తీసి ఇచ్చాడు, ఏమీ అడక్కుండా. బీరువా తెరిస్తే పై అరల్లో పుస్తకాలు కిందికి దింపి, అడుగు అరల్లోవి పైకి ఎత్తి, అన్నీ నడుము ఎత్తులో సర్ది ఉన్నాయి. ఎక్కక్కర్లేదు, వంగక్కర్లేదు. ఆయనకి తెలుగు రాదు గనక సగం పుస్తకాలు తలకిందులుగా పెట్టాడు. సరిచేస్తూ మొదటి రోజంతా గడిపాను. అంత సుఖమైన పని నేనెప్పుడూ చేయలేదు.

1996

కాల్షియం నిలకడగా ఉందని చూసుకుని, చాలా నెలల తర్వాత డాక్టరుగారు ప్యాకెట్టు మళ్లీ మొదలుపెట్టారు. వారానికొకటి, మధ్యమధ్య రక్త పరీక్ష. ఎముకల కోసం. ఆ కాపలావాళ్ల సంగతి అడిగాను, ఈసారి నేనే అడిగాను. "ఇంకా తేలలేదు బేటీ" అన్నారు. తెలీనిది తెలీదని చెప్పే డాక్టరు దొరకడం నా అదృష్టం.

ప్యాకెట్లు నా డబ్బాలో ఉంటాయి, ప్రతి దాని మీదా తారీఖు నా చేత్తో రాసి. రెస్టు రోజుతో సంబంధం లేదు. గురువారం అంటే గురువారమే.

ఈ వానల్లో మళ్లీ ఒక ఎటాక్ వచ్చింది. కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. ప్యాకెట్టు దాన్ని ఆపలేదు. అది లేకపోతే ఇంకా గట్టిగా వచ్చేదేమో, నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. నెలరోజులు ఎడమ చేత్తో డైరీ రాశాను, కోడి గెలికినట్టు. రాశాను మాత్రం.

ఈ కాగితాలు రేపు ఆ అమ్మాయికి ఇవ్వాలి. తనకి తెలుగు చదవడం సరిగా రాదని వాళ్లమ్మ చెప్పింది. అయితే పక్కన కూర్చుని నేనే చదువుతాను. డాక్టరు ముందు చదివినదాన్ని, ఇదేం లెక్క. దుకాణంలో అడిగినన్ని ప్యాకెట్లు ఇస్తారని ముందే చెప్పాలి. మందెంతో, ఎప్పుడో, తన మందు తనే లెక్కపెట్టుకోవాలనీ చెప్పాలి.

ఇవాళ పొద్దున నాన్న డ్యూటీకి తయారయ్యాడు. ఇనప పెట్టె గుమ్మం దాకా చేరింది. వంటింట్లో అమ్మ ఆయన్ని ఏదో దెప్పుతోంది, అంటే వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు. నాన్న గ్లాసుతో వచ్చి నా ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"గార్డు గారూ, రైటేనా?"

"ఇవాళ బుధవారం నాన్నా."

"అచ్ఛా. రెడ్డు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పాలు మటుకు తాగు."

తాగాను. ఒట్టి పాలు.